జానెడు జడ

223వ రోజు. తొట్టిలో తొమ్మిది బిందెలు.

నీళ్ల ఆఫీసు వారికి పద్నాలుగో తెప్ప, తూర్పు వరస, ఆరో ఇంటి నూకరత్నం రాయునది.

ఈ పుస్తకం ఇన్నాళ్లూ మా అమ్మాయి తరళ రాసేది. నా చదువు మూడో తరగతి. ఆ తరవాత మా బడి, బడితో పాటు ఊరు, నీటి కిందికి పోయాయి. అంచేత నాలుగు చదవలేదని నన్నెవరూ తప్పు పట్టలేరు. పదకొండు రోజులుగా పుస్తకం ఖాళీగా ఉందని నిన్న మీ మనిషి వచ్చాడు.

"రాయకపోతే కుళాయి కట్టేస్తారు పిన్నీ" అన్నాడు.

"రాసే మనిషి పోయింది బాబూ."

"తాగే మనిషివి ఉన్నావు గదా. నువ్వు రాయి."

న్యాయమే చెప్పాడు. రాస్తున్నాను.

అట్ట మీద నాలుగు ప్రశ్నలున్నాయి. తొట్టిలో ఎంత, మంచు పట్టే వలలోకి ఎంత నీరు దిగింది, ఎంతమంది తాగారు, నీటికి వాసన ఉందా. తొట్టి సంగతి పైన రాశాను. వలలో బిందెన్నర దిగింది. వాసన లేదు. ఎంతమంది తాగారు అన్నచోట అమ్మాయి రోజూ "ముగ్గురు, ఆరు బాతులు" అని రాసేది. బాతుల్ని మీరు లెక్కలోకి తీసుకోరని దానికి తెలుసు. అయినా రాసేది. ఇప్పుడు ఒకరు, ఆరు బాతులు.

మిగతా ఇద్దరూ ఏమయ్యారని మీరు అడుగుతారు. అడక్కముందే చెప్పేస్తాను. తరళకి ఇరవై మూడేళ్లు. తెప్ప కిందికి మునిగి, అడుగున పట్టిన గుల్లలు గీకే పని దానిది. 212వ రోజు పొద్దున్న నీటిలోంచి పైకి వచ్చింది. నిచ్చెన మీద ఒక చెయ్యి వేసింది. రెండో చెయ్యి వెయ్యలేదు. ఆమె మొగుడు గవర్రాజు ఇప్పుడు న్యాయం తెప్ప దగ్గర ఖైదీల కట్టు పడవలో ఉన్నాడు. అతను విషం పెట్టాడని నాలుక చెప్పింది.

నాలుక అంటే కోర్టు వారి విషం చూసే యంత్రం. తెప్పల మీద మనిషిని పూడ్చే చోటు లేదు, పోయినవాళ్లని సాయంత్రానికల్లా సముద్రానికి ఇచ్చేస్తాం. ముప్పై ఏళ్ల లోపు ఎవరు పోయినా జానెడు జడ మాత్రం కోసి, గాజు గొట్టంలో పెట్టి నాలుకకి పంపాలి. వెంట్రుక నెలకి అర అంగుళం పెరుగుతుందట. ఒంట్లోకి పోయిందంతా ఆ నెల పెరిగిన వెంట్రుకలో ఉండిపోతుందట. మా అమ్మాయి జానెడు జడలో పద్దెనిమిది నెలల పాషాణం ఉంది. పెళ్లై ఇరవై నెలలు. మీరూ వేళ్ల మీద లెక్క పెట్టుకోండి. నేను చాలాసార్లు పెట్టుకున్నాను.

225వ రోజు. ఎనిమిది బిందెలు. వల ఒకటి. ఒకరు, ఆరు బాతులు. వాసన లేదు.

వలలు ఉప్పు పట్టిపోయాయి. చింతపండు నీళ్లతో తుడవాలి. ఇది గవర్రాజు పని. మా ఇంట్లో పైకెక్కే పనులు అల్లుడివి, కిందికి మునిగే పనులు అమ్మాయివి, మధ్యలో నిలబడి అరిచే పని నాది. పక్కింటి పైడమ్మ నిచ్చెన పట్టుకుంది. పట్టుకున్న నిచ్చెన కంటే ఆడించిన నోరే ఎక్కువ.

"అల్లుడికి ఎప్పుడంటప్పా తీర్పు?"

"241న."

"ఉప్పు తెప్పకే గదా. అక్కడికెల్లినోడు తిరిగి రాడంట. మా ఆడపడుచు తోడికోడలి తమ్ముడు ఎల్లినాడు, ఈరోజుకీ కబురు నేదు."

"అతను ఉప్పు తెప్పకెల్లినాడో, అప్పులోల్లకి దొరక్కుండా ఎల్లినాడో."

"రెండూ కావొచ్చు" అంది పైడమ్మ, కిందికి చూస్తూ.

అసలు సంగతి రాస్తాను. కోర్టు గుమస్తా వచ్చి "మీ అమ్మాయి రోజూ తినేది, మీరు తిననిది ఏమైనా ఉందా" అని అడిగినప్పుడు చెప్పింది నేనే. చోడంబలి, అంటే రాగి జావ. మునగబోయే ముందు రోజూ తాగేది. గవర్రాజే కాచేవాడు. వంటశాలలో వంటవాడు కదా, ఇంట్లో పొయ్యి దగ్గరికి నన్ను రానిచ్చేవాడు కాదు. "అత్తా, నీ అంబలి బిళ్లలు కడతాది" అనేవాడు. గుమస్తా రాసుకున్నాడు. చదివి వినిపించాడు. సంతకం పెట్టాను.

ఆ రోజు నాకు ఆకలి వేసింది. పిల్ల పోయిన దగ్గర్నుంచి ముద్ద దిగలేదు. ఎవరో ఒకరు చేశారని తెలిశాక దిగింది. రెండుసార్లు వడ్డించుకున్నాను.

229వ రోజు. ఎనిమిది బిందెలు. వల ఒకటిన్నర. ఒకరు, ఆరు బాతులు. వాసన లేదు.

న్యాయం తెప్పకి రమ్మని కబురొస్తే తాడు పడవ ఎక్కి వెళ్లాను. నాలుక అంటే గుడంత ఉంటుందనుకున్నాను. అన్నం వండుకునే గిన్నెంత ఉంది. దాని పక్కన నజీమా గారు కూర్చుని ఉన్నారు. విషాలు చూసే ఆవిడ. మనిషి నాకంటే చిన్న, కళ్లజోడు నాకంటే పాతది.

"నూకరత్నం గారూ, నమస్తే. తిన్నారా?"

"తిన్నానమ్మా."

"నేను తినలేదు. ఈ యంత్రం నా ఎదురుగా రోజుకి పదిమంది ఒంట్లో ఏముందో చెబుతుంది, నాకు ఏమీ తినబుద్ధి కాదు."

నాకు ఆవిడ నచ్చింది. అదే ఇబ్బంది అయింది.

గొట్టం చూపించారు. అందులో ఇంకా నాలుగు వేళ్ల జడ ఉంది. మిగతాది నాలుక కాల్చి రుచి చూసేసింది. తరవాత ఒక ఫోటో చూపించారు. జడ కొయ్యకముందు గుమస్తా తీసింది. తరళ పడుకుని ఉంది. పూలు పెట్టి ఉంది. జడ నడుము దాకా ఉంది.

"ఒక్కటే అడగాలమ్మా. ఈ జానెడు తల దగ్గర కోశారా, జడ కొసన కోశారా? గుమస్తా అది రాయడం మరిచిపోయాడు. ఇంకెక్కడికో మారిపోయాడు. ఫోన్ చేస్తే గుర్తు లేదంటున్నాడు."

"ఏటమ్మా తేడా?"

"తల దగ్గర కోస్తే ఇవి ఈ ఏడాదిన్నర నెలలు. కొసన కోస్తే నాలుగైదేళ్ల కిందటివి. అప్పటికి మీ అల్లుడు ఈ తెప్ప మీదే లేడు కదా. యంత్రం తల దగ్గరదే అనుకుని లెక్క కట్టింది. దానికి అలా నేర్పారు."

నేను ఫోటో చూస్తూ కూర్చున్నాను. జడ కొస దాకా చూశాను.

"గుర్తు నేదమ్మా" అన్నాను.

ఆవిడ ఒక్క నిమిషం నా మొహం చూశారు. "సరే. గుర్తొస్తే కబురు చెయ్యండి" అని రాసుకున్నారు. వెనక నుంచి నాలుక "వాంగ్మూలం స్వీకరించబడినది" అంది. ఎవరూ దాన్ని అడగలేదు.

230వ రోజు. ఏడు బిందెలు. వల సగం. ఒకరు, ఆరు బాతులు. వాసన లేదు.

నాకు గుర్తుంది.

కొసనే కోశారు. ఆ గుమస్తా కత్తెర మెడ దగ్గర పెడితే నేనే చెయ్యి పట్టుకున్నాను. ముత్తయిదువని మొండి తలతో పంపిస్తావా నాయనా, కొసన తీసుకో అని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. పాపం అతనికీ తల్లి ఉంటుంది. కొసన కోసుకుపోయాడు.

అంతటితో అయితే బాగుండును. ఆ కొస తరళది కాదు.

మునిగే పిల్లలకి పొడుగు జుట్టు ఉండదు, తాళ్లలో చిక్కుకుంటుంది. తరళ జుట్టు మెడ దాకానే. పెళ్లినాడూ ఆఖరిరోజూ నేనే సవరం పెట్టి జడ అల్లాను. ఆ సవరం నా జుట్టు. వయసులో ఉన్నప్పుడు దువ్వెనలో రాలిన వెంట్రుకల్ని మా అమ్మ ఏళ్ల తరబడి ఏరి, దాచి, కట్టించింది. నా తల నెరిసింది గానీ సవరం నెరవలేదు. అమ్మాయి జుట్టులో కలిసిపోయేది. దగ్గరికొచ్చి చూసినా తెలిసేది కాదు.

ఆ వయసులో నేను బోరు జల్లెడలు కడిగేదాన్ని. సముద్రం అడుగు నుంచి తోడిన నీటిలో పాషాణం ఉండేది, జల్లెడ దాన్ని పట్టేది, మేము దాన్ని వట్టి చేతులతో గీకి డబ్బాల్లో పోసేవాళ్లం. నీళ్ల ఆఫీసు వారికి ఇది కొత్త సంగతి కాదు, ఆ డబ్బాల మీద మీ ముద్రే ఉండేది. అరచేతులు గరుకెక్కాయి. తరళ కడుపున పడ్డాక మానేశాను. బతికాను.

అంటే ఆ గొట్టంలో ఉన్నది నేను తిన్న విషం.

ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. చెప్పకపోతే ఇంకెవరికీ తెలియదు. పొద్దున్న లేచి బాతులకి పాచి వేశాను. తొట్టి కడిగాను. చేసినవాడు దొరికాడు గదా, ఇప్పుడు వాణ్ని వదిలేస్తే నాకేం మిగులుతుంది అనుకుంటూ మళ్లీ తొట్టి కడిగాను. అతనంటే నాకు మొదట్నుంచీ పడదు. చేపల పులుసులో బెల్లం వేస్తాడు. బెల్లం వేసినందుకు ఎవరినీ ఉప్పు తెప్పకి పంపరని నాకూ తెలుసు.

రెండుసార్లు కడగడం వల్ల ఒక బిందె ఎక్కువ ఖర్చయింది. రాసుకోండి.

233వ రోజు. ఏడు బిందెలు. వల ఒకటిన్నర. ఒకరు, ఆరు బాతులు. వాసన లేదు.

కట్టు పడవకి వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే, అతని మొహం చూస్తే ఇంకో తప్పేదైనా కనిపిస్తుందేమో, దానికి ఇది సరిపోతుందిలే అనుకోవచ్చునేమో అని.

గవర్రాజు చిక్కిపోయాడు. కంచంలో అన్నం సగం అలాగే ఉంది.

"ఒచ్చినావా అత్తా" అన్నాడు. "ఈల్ల పప్పు సూడు. పోపు మాడ్చీసి, మాడ్చినట్టు తెలకుండా ఉండాలని మళ్లీ ఇంగువ ఏసినారు. మనిషిని ఖైదు సెయ్యి, పప్పునేల ఖైదు సేత్తావు."

అతను చువ్వల దగ్గరికి జరిగాడు. గొంతు తగ్గించాడు.

"అత్తా, నాకో పని సేసిపెట్టు. ఇంట్లో అంబలి కాసే రాసిప్ప ఉంది గదా. దాని అడుగున పగులున్నాది. అందులో ఏటైనా ఇరుక్కుందేమో గీకి సూడు. సముద్రం పాచి పొడి డబ్బా కూడా. అయిదో తెప్ప మీద కొన్నాను. అంబలి సిక్కబడతాదని రోజూ చిటికెడు ఏసేవోణ్ని. అందులో ఉందేమో. కొత్త గరిటి కూడా సూడు."

"ఏటి సూడమంటావు?"

"విషం. నాలుక అబద్ధం సెప్పదు గదత్తా. నానైతే పెట్టనేదు, దేవుడెరుగు. కానీ నా సేతి మీదగానే పోయింటాది. ఇంకెవరు పోస్తారు దానికి. ఇరవై రోజులై ఒక్కొక్క గిన్నీ గుర్తు తెచ్చుకుంటన్నాను. ఎందులో ఉండుంటాదో తెలట్లేదు."

"నువ్వు తాగనేదేటి ఆ అంబలి?"

"దానికి పోసి, గిన్నెంట తుడిసి నాకేవోణ్ని. మరి నాకేటీ కానేదు. అది ఆడకూతురు, సన్నగుంటాది, దానికి ఎక్కీసుంటాది." చువ్వ మీద గోరుతో గీకుతున్నాడు. "ఒప్పీసుకుందామనుకుంటన్నానత్తా. 241న. పెట్టినా పెట్టకపోయినా నా అంబలే గదా."

పడవ దిగేటప్పుడు కాలు జారి మోకాలి దాకా నీటిలో పడ్డాను. కాపలావాడు నవ్వాడు. నేనూ నవ్వాను, ఏడుస్తున్నానని తెలియకుండా.

234వ రోజు. ఏడు బిందెలు. వల ఒకటి. ఒకరు, ఆరు బాతులు. వాసన లేదు.

పైడమ్మకి మొత్తం చెప్పాను. ఎండు చేపలు తిరగేస్తూ విన్నది. చేప ఒక్కటీ సరిగ్గా తిరగలేదు.

"నోరు మూసుకోప్పా" అంది. "ఆడు ఒప్పుకుంటానంటన్నాడు. మజ్జిన నీకేటి? నువ్వు సెప్తే ఇన్నాళ్లూ ఏల సెప్పనేదని నిన్ను పట్టుకుంటారు."

"పట్టుకోనీ."

"పోనీ కొసన కోసినారని మాత్తరం సెప్పు. సవరం మాట ఎత్తకు. నాలుగేళ్ల కిందట ఎవడో పెట్టినాడనుకుంటారు."

"అప్పుడు నాలుగేళ్ల కిందటోణ్ని ఇంకొకణ్ని ఎతుకుతారే పైడీ. దొరుకుతాడు కూడా. నాలుకకి ఎవడో ఒకడు దొరుకుతాడు."

పైడమ్మ ఇంకో చేప తిరగేసింది. "నీ సవరం నీదేనని ఎల్లా నమ్ముతారు మరి?"

అదే ఆలోచిస్తున్నాను. అప్పుడు గోడ చెక్క సందు గుర్తొచ్చింది. మా ఇళ్లలో ఆడవాళ్లు రాలిన జుట్టు పారెయ్యరు. చుట్టి ఉండ చేసి చెక్క సందులో దోపుతారు. తరళ కూడా, కొప్పు కూడా రాని జుట్టయినా, నన్ను వెక్కిరిస్తూనే దోపేది. "నా మనవరాలికి సవరం, రెండంగుళాలది" అనేది. లోపలికెళ్లి వేలు పెట్టి లాగాను. నెరిసినది నాది. నల్లది, చిన్నది, నిమ్మకాయంత ఉండ, దానిది. రెండేళ్ల జుట్టు ఉంటుంది.

ఒళ్లు సముద్రానికి ఇచ్చాం. బట్టలు ఆచారం ప్రకారం మునిగే పిల్లలకి పంచేశాం. ఇదొకటి ఉందని ఇప్పటిదాకా నాకే తట్టలేదు. మధ్యాహ్నం దాకా చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. వల దులపలేదు, అందుకే ఒకటే.

236వ రోజు. ఆరు బిందెలు. వల చూడలేదు. ఒకరు, ఆరు బాతులు. వాసన చూడలేదు.

నజీమా గారికి చెప్పేశాను. గుర్తుందని, అబద్ధం చెప్పానని, సవరమని, జల్లెడలని. నా అరచేతులు చూపించాను. ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చేతులు చూశారు.

"ఈ గొట్టంలోది మీ అమ్మాయిదేనని యంత్రం ఒప్పుకుందే" అన్నారు. తరవాత ఆవిడే నుదురు కొట్టుకున్నారు. "వేరు లేని వెంట్రుకలో దొరికే గుర్తు ఒక్కటేనమ్మా, అది తల్లి నుంచి బిడ్డకి వచ్చేది. మీదీ మీ అమ్మాయిదీ మీ అమ్మదీ అన్నీ ఒకటే. ఈ యంత్రం చేసినవాళ్ల దేశంలో సవరాలు లేవు."

ఉండ తీసి బల్ల మీద పెట్టాను.

"ఇది దానిది. దువ్వెనలోది."

"వేళ్లు ఉంటాయి. వేరు ఉంటే అచ్చంగా ఎవరిదో తేలుతుంది." ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. "నూకరత్నం గారూ, యంత్రం రుచి చూడాలంటే కాల్చాలి. ఇవి పొట్టి వెంట్రుకలు. రెండేళ్ల సంగతి కోర్టు నమ్మేలా చెప్పాలంటే మొత్తం ఉండ కావాలి. ఏమీ మిగలదు."

"మరింకేం సెయ్యాలి?"

"ఇంకేమీ లేదు. మీ మాట ఒక్కటీ చాలదు, ఒకసారి మార్చారు కాబట్టి."

తప్పు నాదే. ఆవిడ తప్పుగా అనలేదు.

సీలు వేసే ముందు ఆవిడ లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, అటు తిరిగి నిలబడ్డారు. కిటికీ బయట చూడాల్సిందేమీ లేదు, ఇంకో పడవ గోడ ఉంది. నాకు అర్థమైంది. ఒక వెంట్రుక తీసుకోమని. వేలికి చుట్టుకుంటే ఉంగరమంత అవుతుంది. చెయ్యి చాపాను. ఆ ఒక్కటి తక్కువై లెక్క తప్పితే? ఆ ఒక్క నెల ఖాళీగా ఉందని, అతను ఆ నెలలో పెట్టాడని ఎవరైనా అంటే? చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"అయిందమ్మా" అన్నాను.

ఆవిడ తిరిగి వచ్చి ఉండ వైపు చూశారు. దాన్ని గొట్టంలో వేసి నాలుకకి ఇచ్చారు. "నమూనా స్వీకరించబడినది" అంది. కొంచెం కమురు వాసన వచ్చింది. తలంటు పోశాక పొయ్యి దగ్గర జుట్టు ఆరబెట్టుకుంటూ కూర్చునేది తరళ, అప్పుడొక్కోసారి వచ్చేది ఆ వాసన. గంటన్నర కూర్చున్నాం. నజీమా గారు తన డబ్బాలోంచి నాకు సగం రొట్టె పెట్టి మిగతా సగం ఆవిడ తిన్నారు.

నాలుక చెప్పింది. మనిషి తరళే. పాషాణం లేదు. ఇంకే విషమూ లేదు. రెండేళ్లలో ఏ నెలా లేదు.

మా పిల్ల ఒళ్లు చివరి వెంట్రుక దాకా శుభ్రంగా ఉంది. సంతోషపడాలా వద్దా తెలియక కూర్చుండిపోయాను. అప్పుడు నజీమా గారు మెల్లగా అడిగారు.

"మీ అమ్మాయికి ఎప్పుడైనా నీటిలో స్పృహ తప్పిందా? చిన్నప్పుడు?"

ఇంకో అబద్ధం చెప్పే ఓపిక లేదు. రెండుసార్లు. తొమ్మిదో ఏట, పద్నాలుగో ఏట. రెండుసార్లూ చన్నీటిలో మునిగినప్పుడే. గాలి సోకిందని తాయెత్తు కట్టించాను. పెళ్లి మాటలప్పుడు నోరెత్తలేదు. మూర్ఛ పిల్ల అంటారని.

"కొందరి గుండె పుట్టుకతోనే అలా ఉంటుంది. నీటిలో ఒక్కసారి తాళం తప్పుతుంది. అదేనని నేను రుజువు చెయ్యలేను, ఒళ్లు లేదు. కానీ అదే అయి ఉంటుంది" అన్నారు. "అప్పుడు డాక్టరుకి చూపించి ఉంటే" అని ఆవిడ అనలేదు. ఆవిడ అనని మాట తాడు పడవలో నాతోపాటే ఇంటికి వచ్చింది.

241వ రోజు. ఆరు బిందెలు. వల రెండు. ఇద్దరు, ఆరు బాతులు. వాసన లేదు.

కోర్టు పావుగంటలో అయిపోయింది. నా మాట రెండుసార్లు రాసి ఉందని న్యాయాధికారి గారు కోప్పడ్డారు. ఇక నుంచి జడ కోసేటప్పుడు వేరు వైపు దారం కట్టాలని, సవరం ఉందా అని అడగాలని గుమస్తాలకి ఉత్తరువు ఇచ్చారు. గవర్రాజుని వదిలేశారు.

తాడు పడవలో మేమిద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. సగం దూరం వచ్చాక అతనే మొదలెట్టాడు.

"నానే పెట్టినాననుకున్నావేటత్తా?"

"అనుకున్నాను. కాదని తెలిశాక కూడా వారం రోజులు సెప్పనేదు."

అతను నీటి వైపు చూశాడు. "వారమే గదా" అన్నాడు. "నాను ఇరవై రోజులు అనుకున్నాను, నానే అని."

ఇల్లు చేరాక అతను వాకిట్లోనే నిలబడ్డాడు. లోపలికి రావచ్చో లేదో తెలియనట్టు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేననిపించింది. గుమ్మంలోనే చెప్పేశాను. తొమ్మిదో ఏట, పద్నాలుగో ఏట, తాయెత్తు, పెళ్లి మాటలు, అన్నీ. దాచిపెట్టి పిల్లని ఇచ్చానని. ఆ రోజు చెప్పి ఉంటే నువ్వయినా నీటిలోకి పంపేవాడివి కావని.

బాతు ఒకటి వచ్చి అతని కాలివేలు పొడిచింది. దాన్ని తోలాడు.

"నాకు తెలుసత్తా" అన్నాడు.

"ఏటి తెలుసు?"

"పెళ్లైన మూడో రోజే సెప్పింది. పని మానీమన్నాను. మానితే నాను మనిషిని కాను, ఆ నీటి అడుగు తప్ప నాకేటీ నచ్చదు అంది. అందుకే ఒట్టి కడుపుతో మునగకూడదని అంబలి మొదలెట్టినాను. నాలుక ఆ మాట సెప్పీసరికి ఇదంతా మర్సిపోయాను. విషమే అనుకున్నాను."

"మరి నాతో ఏల అననేదు, ఇరవై నెలలు?"

"ఒట్టు ఏయించుకుంది. మా అమ్మకి మాత్తరం సెప్పకు అంది. నీకు తెలుసని తెలిస్తే మా అమ్మ నీ ఎదట తలెత్తదు, తలెత్తకపోతే నీతో దెబ్బలాడదు, దెబ్బలాడకపోతే దానికి ఏటీ తోచదు అంది."

ఇరవై నెలలు నేను దాచానని అనుకున్నదాన్ని, అది నా దగ్గర దాచింది.

"ఇంకేటి సెప్పింది నా గురించి?" అన్నాను.

"శానా సెప్పింది" అన్నాడు గవర్రాజు. లోపలికి వచ్చి, చాప పరిచాడు. "కూకో."

కూర్చున్నాను.